పుట్టని పొగ

మోర్వెల్ ఊరి చివర, టైర్ల కొట్టు పక్కన,
రేకుల షెడ్డులో స్కేటింగ్ రింకు.
ఉదయం ఏడు. మెడలో లైట్ మీటరు,
కోటు జేబులో చల్లారిన టోస్టు.
పైన అరవై రెండు దీపాలు,
ఒక్కొక్కటీ నాలుగు వందల వాట్లు తాగే బానపొట్ట.

ముందు ఫోటోలు తియ్యాలి,
ప్రతి దీపాన్నీ ఉన్నచోట, ఉన్నట్టుగా.
చచ్చినవాటిని విడిగా రాయాలి.
మండనిదాన్ని ఆర్పితే ఆదా కాదని నిబంధన.
నలభై మూడోది కొనఊపిరితో ఉంది.
"ఇది బతికినట్టా, చచ్చినట్టా?"
లిఫ్టు మీంచి టెవిటా అరిచాడు.
ఊదారంగులో ఒక్కసారి కన్ను తెరిచింది.
బతికినట్టే రాసుకున్నాను.

గ్లెనిస్ ప్రౌస్‌కి డెబ్బై నాలుగేళ్లు, రింకు ఆమెది.
అద్దె బూట్లకు లేసులు మారుస్తూ అడిగింది:
"ఈ సర్టిఫికెట్లు కొనేదెవరమ్మా?"
కరెంటు అమ్మేవాళ్లు.
"అమ్మేవాళ్లే, అమ్మనిదాన్ని కొంటారా?"
అవును.
"మరి అందులో ఏముంటుంది?"

ఏం చెప్పను?
ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం
అని మా మేనత్త జనాన్ని ఎగతాళి చేసేది.
నేను జీతం పుచ్చుకుని మరీ
పుట్టని పొగకు పేరు పెడతాను,
టన్నుకొక నంబరు వేస్తాను,
పదేళ్ల జాతకం ముందే రాస్తాను.
ఈ సోమలింగం ఎన్నటికీ పుట్టకూడదు,
పుడితే నా లెక్క తప్పు.

గ్లెనిస్ నవ్వలేదు.
ఆమె తమ్ముడు రే ఇరవై ఆరేళ్లు
ఈ లోయ బొగ్గును బాయిలరుకు తినిపించాడు.
"స్విచ్చి వేసినప్పుడల్లా అనుకునేదాన్ని,
వాడి రాత్రి డ్యూటీ తీగవెంట ఇక్కడిదాకా వచ్చిందని."
తర్వాత మళ్లీ లేసుల్లోకి తల వంచింది.

మధ్యాహ్నానికి పాతవన్నీ కిందికి దిగాయి.
అట్టపెట్టెల్లో కోడిగుడ్లలా పేర్చాం.
లోపల పాదరసం, ఇక్కడ పగలకూడదు.
ఎక్కడో పగలగొట్టినట్టు మాత్రం రసీదు రావాలి.
ఒకదాని గిన్నెలోంచి చేరెడు పురుగులు రాలాయి,
ఎన్ని వేసవుల రెక్కలో.
టెవిటా చీపురు తెచ్చాడు.

సాయంత్రం స్విచ్చి ఆమెనే వెయ్యమన్నాను.
వేసింది.
దులిపి పరిచిన దుప్పటిలా
ఒక్క దెబ్బకు మొత్తం వెలుగు.
నేలమీద ప్రతి గీతా, ప్రతి చూయింగ్ గమ్ మచ్చా
దొరికిపోయిన దొంగల్లా నిలబడ్డాయి.

గ్లెనిస్ చేతిలో కెటిల్ అలాగే ఉంది.
"ముందు పది నిమిషాలు పట్టేది," అంది.
పాతవి మెల్లగా నిద్రలేచేవి,
ఊదాగా, పచ్చగా, ఆ తర్వాతే తెల్లగా.
ఆ మసకలో టీ కలుపుకుని
రింకు అంచు చెక్కమీద కూర్చునేదట.
బయట పిల్లలు తలుపు బాదేవారు.
"ఇంకా వెలుగు రాలేదర్రా!" అనేదట.
అబద్ధం కాదు కదా.

రోజుకు పది నిమిషాలు, ముప్పై ఒక్క ఏళ్లు.
సెలవులు తీసేసి వేశాను, చేతి దురద.
అరవై నాలుగు రోజులు, రాత్రులతో సహా.
ఫారంలో ముప్పై ఏడు గడులున్నాయి.
ఇది ఆదాలోకి వస్తుందా, ఖర్చులోకా?

"ఒక్కటి ఉంచెయ్యకూడదూ?" అని ఆమె అడగలేదు.
అడిగి ఉంటే కుదరదనేదాన్నేమో.
సంతకం పెట్టి, పెన్ను మూత పెట్టి,
పెట్టెలవైపు మాత్రం చూసింది.

నలభై మూడును కొట్టేశాను.
అరవై రెండును అరవై ఒకటి చేశాను.
మూడున్నర టన్నులు తగ్గాయి, ఆఫీసులో అడుగుతారు.
"ఇది చలికాలం దాటదు," అని గొణుగుతూనే
టెవిటా మళ్లీ లిఫ్టెక్కి
బూట్ల కౌంటరు పైన బిగించాడు.

కారు తిప్పుతూ అద్దంలో చూశాను.
కొత్త దీపాలన్నీ ఆర్పేసింది.
లోపల ఒకే ఒక్క సోమలింగం
గుర్రుమంటూ, ఊదారంగులో,
తీరిగ్గా పుడుతున్నాడు.